ఎడమవైపు చిరుగు

గవర్నర్‌పేట పాతసామాన్ల కొట్టు అమ్మగారు పోయారు. పోయిన నెల ఒక శనివారం పొద్దున పాలాయన మా గుమ్మంలో బిందె దించుతూ చెప్పాడు.

"ఆ జర్మనీ దొరసాని నిద్దట్లోనే పోయిందంటమ్మా. పాలొద్దని దొరగారే బయటికొచ్చి చెప్పారు."

నేను గిన్నె చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లిపోయాను. పాలు పోయించుకోలేదు. ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. తిన్నగా దండెం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ బూడిదరంగు కోటు దాని మీద ఉంది. పదినెలల నుంచి అక్కడే ఉంది.

ఆ రోజు మొదలు నాకు కుదురు లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వీధిలోకి వెళ్తాను. వీధిలోకి వచ్చి ఎందుకొచ్చానో తెలియక మళ్లీ లోపలికి వస్తాను. నేను చదివింది మూడో తరగతి. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. అయినా ఇది నేనే రాయాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఊరంతా జర్మనీ దొరలు అనేవాళ్లు గాని వాళ్లు ఆ జర్మనీ వాళ్లు తరిమేస్తే వచ్చినవాళ్లు. యూదులు. అక్కడ పెద్దాయన వాళ్ల తాత నాటి నుంచి పాత పటాలూ, విగ్రహాలూ కొని అమ్మే కొట్టు ఉండేదట. కొట్టు లాక్కున్నారు. రెండు పెట్టెలతో బొంబాయిలో ఓడ దిగారు. యుద్ధం వచ్చాక ఇక్కడి పోలీసులు, నువ్వు జర్మనీ వాడివే కదా అని పెద్దాయన్ని కొన్ని నెలలు కంచె లోపల పెట్టారు. విడిచిపెట్టాక మద్రాసు చేరారు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం పరుగులు పెట్టినప్పుడు, వాళ్లతో పాటు రైలెక్కి మా బెజవాడలో దిగారు. భయం తగ్గాక అందరూ తిరిగి వెళ్లారు. వీళ్లు వెళ్లలేదు.

"ఇంక లేవలేను వదినగారూ. కూర్చున్నచోటు బాగుంది" అనేది అమ్మగారు.

ఆవిడ ఆడవాళ్లందరినీ వదినగారూ అనే పిలిచేది. మొదట్లో కూరలామె ఎవరో అలా పిలిస్తే, ఈ ఊళ్లో ఆడవాళ్ల పేరే అది అనుకుందట. తర్వాత తెలిసినా మార్చుకోలేదు. అండీ అనడం కూడా అంతే, మనిషికీ మానుకీ ఒకటే. కొట్లో పిల్లి వచ్చి పడుకుంటే, "లేవండి పిల్లిగారూ, అది నూరేళ్ల పీట" అనేది. మా పిల్ల ఆ మాట ఇంటికి తెచ్చి, వాళ్ల నాన్న మగ్గం గుంటలో కునుకు తీస్తుంటే, "లేవండి నాన్నగారూ, అది నూరేళ్ల మగ్గం" అని నవ్వి చచ్చేది.

వాళ్ల ఇంటి ముందుగదే కొట్టు. కంచు విగ్రహాలు, దీపపు సెమ్మెలు, దంతపు పెట్టెలు, బందరు అద్దకం గుడ్డలు. జమీందారుల ఇళ్లలో అటకల మీద నుంచి దించినవి కొని మద్రాసుకీ బొంబాయికీ పంపేవాళ్లు. నన్ను పిలిచింది గుడ్డల కోసం. మాది నేతపని ఇల్లు. రఫూ నాకు మా మామగారు నేర్పారు. చిరిగినచోట పోగు పక్కన పోగు నడిపించి, మళ్లీ నేసినట్టు చేసే పని. మామగారు నా పనిని భూతద్దం పెట్టి చూసేవారు. కుట్టు కనపడిందా, సూదితో చేతి మీద ఒక్కటి వేసేవారు.

అమ్మగారు మొదట ఇచ్చింది ఒక పాత అద్దకం దుప్పటి. జానెడు చిరుగు. నాలుగు రోజులు కూర్చుని కలిపి తీసుకెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎక్కడండీ?"

నేను నవ్వుతూ వేలు పెట్టి చూపించాను.

"చాలా బాగుంది వదినగారూ. విప్పేయండి."

నాకు అర్థం కాలేదు. పెద్దాయన వచ్చి నెమ్మదిగా చెప్పారు. వేరే రంగు దారంతో, చూస్తే తెలిసేట్టు కుట్టాలట. కొనేవాడికి తెలియాలట.

"ఇక్కడ చిరిగింది. ఇక్కడ ఒకావిడ బాగుచేసింది. రెండూ నిజాలే కదండీ. రెండూ కనపడాలి" అంది అమ్మగారు.

"కనపడే రఫూ అంటే ఉప్పు లేని ఆవకాయ అమ్మగారూ."

"ఉప్పు లేని ఆవకాయ మా ఆయన తింటారు. కుట్టండి."

ఒకసారి కొండపల్లిలో ఒక ముసలాయన దగ్గరికి చెయ్యి విరిగిన పాత బొమ్మ ఒకటి పంపింది, చెయ్యి అతికించమని. ఆయన దొరసాని బొమ్మ కదా అని అభిమానం కొద్దీ చెయ్యి అతికించి, బొమ్మంతటికీ నిగనిగలాడేట్టు కొత్తరంగు వేసి స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఆవిడ ఆయనకు కాఫీ ఇచ్చి, దణ్ణం పెట్టి, వీధి మలుపు దాకా సాగనంపి వచ్చి కుర్చీలో కూలబడింది.

"నేను మామ్మగారిని పంపితే పెళ్లికూతుర్ని పంపాడు. పెళ్లికూతుర్ని ఎవరు కొంటారండీ" అని నవ్వింది. ఆ బొమ్మను అమ్మలేదు. మా పిల్లకిచ్చింది.

మా పిల్ల పద్నాలుగో ఏట విషజ్వరంతో పోయింది. మాకు ఒక్కతే బిడ్డ. ఆ సంగతి ఎక్కువ రాయలేను.

పరామర్శకు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు వాకిట్లోంచే ఏడుపు అందుకునేవాళ్లు. ఎలా పోయింది, ఏ డాక్టరు చూశాడు, ఎవరికి చూపించాల్సింది, ఎవరి పిల్ల అలాగే పోయింది, అన్నీ చెప్పేవాళ్లు. అమ్మగారు మూడోరోజు వచ్చింది. ఏం మాట్లాడలేదు. నా ఎదురుగా నేలమీద కూర్చుంది. పొద్దు గోడ దిగి వాకిట్లోకి వచ్చిందాకా కూర్చుంది. మా తోటికోడలు వంటింట్లోంచి, "ఈ దొరసానికి నోరు పడిపోయిందా ఏం" అంది, నాకు వినపడేట్టే. చివరకు నేనే, "చాప మీద కూర్చోండమ్మగారూ, నేల చల్లగా ఉంది" అన్నాను.

అప్పుడు నోరు విప్పింది. "జడ ఎవరు వేసేవాళ్లండీ? మీరా, తనే వేసుకునేదా?"

వచ్చినవాళ్లెవరూ అలాంటిది అడగలేదు. తనే వేసుకునేదనీ, ఎప్పుడూ వంకరగా వచ్చేదనీ చెప్పాను. చెబుతూ చెబుతూ చాలా చెప్పాను. బాధలో ఉన్నవాళ్లు నోరు తెరిచేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదని వాళ్ల పద్ధతట. అది నాకు తర్వాత తెలిసింది.

మరుసటేడు చలికాలంలో వాళ్లకు ఉత్తరం వచ్చింది. యుద్ధం అయిపోయాక ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన ఉత్తరం. అమ్మగారి తల్లీ, చెల్లెలూ, చెల్లెలి పిల్లలూ ఎవరూ లేరని. తల్లి పోయి అప్పటికి మూడేళ్లట. నేను ఆ పొద్దున కొట్లోనే ఉన్నాను. ఆవిడ ఉత్తరం చదివి లేచి నిలబడింది. చలికని కోటు వేసుకుని ఉంది. ఎడమవైపు, గుండె మీద, చిన్న కత్తెరతో గంటు పెట్టి రెండు చేతులా పట్టి బెత్తెడు చింపింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. గుడ్డ చిరిగే చప్పుడు మా ఇంట్లో ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత నేలమీద కూర్చుంది. మామూలుగా ఏడు రోజులు కూర్చోవాలట, కబురు అంత ఆలస్యంగా వస్తే ఒక్క గంట కూర్చుంటే చాలట. గంట కూర్చుని లేచి, దీపపు సెమ్మెలు తుడవడం మొదలుపెట్టింది.

నెల దాటినా ఆ కోటు అలాగే మేకుకు వేలాడుతూ ఉంది. వెళ్లినప్పుడల్లా నా కళ్లు దానిమీదే. పొద్దున ఆ చిరుగు చూసి ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయేదాన్ని. నా పిల్ల పోయినప్పుడు ఈవిడ నేలమీద కూర్చుంది, ఈవిడకు నేనేం చేశాను అనిపించేది. ఒకసారి వాళ్లు నాలుగు రోజుల పని మీద ఏలూరు వైపు సామాను చూడటానికి వెళ్లారు. తాళం నా దగ్గరే ఉంది. కోటు ఇంటికి తెచ్చాను. లోపలి మడతలోంచి పోగు లాగి, మా మామగారు మెచ్చేట్టుగా, మూడు రోజులు పొద్దస్తమానం కూర్చుని కలిపాను. నా చేత్తో నేను చేసిన పనుల్లో అంత మంచిది లేదు. తీసుకెళ్లి మళ్లీ ఆ మేకుకే తగిలించాను.

ఆవిడ వచ్చి కోటు అందుకుంది. వేలితో గుండె దగ్గర తడిమింది. పైకి, కిందికి, మళ్లీ పైకి. దొరకలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తడిమింది. నేను పొంగిపోతూ చూస్తున్నాను.

"వదినగారూ, అదెక్కడుందండీ?"

గొంతు విన్నాక తప్పు జరిగిందని తెలిసింది. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"అమ్మా, తల్లికీ తండ్రికీ చింపుకున్నది మళ్లీ కలపకూడదు. నెల దాటాక గుడ్డ వేలాడకుండా పైపైన పెద్ద కుట్లు వేసుకోవచ్చు. కాని చిరుగు చిరుగులాగే ఉండాలి. మిగతావాళ్లకైతే నెల తర్వాత పూర్తిగా కుట్టుకోవచ్చు. భార్యకీ, తోబుట్టువులకీ, బిడ్డలకీ."

"బిడ్డలకా?"

"బిడ్డలకు కూడానమ్మా."

నాకు ఒళ్లు మండింది. "కన్నబిడ్డకు నెల రోజులేనా అండీ?"

అమ్మగారు కోటు ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండానే అంది. "అమ్మ మళ్లీ రాదు కదండీ."

"మా పిల్ల వస్తుందా?"

అప్పుడు తలెత్తి చూసింది. తను ఏమందో అప్పటికి తెలిసింది ఆవిడకు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడితో నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"పిల్లల్లేనివాళ్లు పెట్టిన పద్ధతి అయ్యుంటుంది" అన్నాను.

ఆవిడకు పిల్లల్లేరు. నాకు తెలిసే అన్నాను.

పెద్దాయనే, "ఆ కుట్టు విప్పి పెద్ద కుట్లు వేసి ఇస్తారా అమ్మా. నిదానంగానే" అన్నారు. కోటు మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను. దండెం మీద పడేశాను. మళ్లీ ముట్టుకోలేదు. విప్పడానికి అరపూట పని. ఆ కుట్టు ఎక్కడ మొదలైందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. కాని సూది పట్టుకోగానే బిడ్డకు నెల అన్న మాట చెవిలో వినపడేది. అలాంటి రఫూ విప్పి వంకర కుట్లు వేయాలా అని పౌరుషం కూడా ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఉంది.

కొట్టుకు వెళ్లడం మానేశాను. వానలు వెనకబట్టాయి. ఒకనాడు మా వాకిట్లో జట్కా ఆగింది. అమ్మగారు దిగింది. మా పటమట దాకా ఆవిడ అంతకుముందు ఒక్కసారే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "వదినగారూ, నేను" అని మొదలుపెట్టింది.

"ఇంకా కాలేదండీ. మగ్గం పని ఒత్తిడిగా ఉంది" అన్నాను.

సర్కారు కంట్రోలులో నూలు దొరక్క అప్పటికి పదిరోజుల నుంచి మగ్గం ఊరికే ఉంది. గుమ్మంలోంచి కనపడుతూనే ఉంది. ఆవిడ దాన్ని చూసింది.

"పర్వాలేదండీ. నేను దానికోసం"

"అయ్యాక నేనే పంపిస్తానండీ" అని లోపలికి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. నేను నూతి దగ్గర ఉన్నాను. "చెప్పానుగా అమ్మగారూ, కాలేదని" అని చేద వదిలి నీళ్లు తోడటంలో పడ్డాను. గిలక చప్పుడులో ఆవిడ ఏమందో వినలేదు. వినకూడదనే తోడాను. ఇంటికి సరిపడా నీళ్లు దాటి, గోలెం నిండి పొర్లిపోయిందాకా తోడాను. తిరిగి చూస్తే వెళ్లిపోయింది.

మూడోసారి నడిచి వచ్చింది. బందరు రోడ్డున ఆవిడ వస్తుంటే వీధి పిల్లలు ముందే పరిగెత్తుకొచ్చి చెప్పారు. మా ఆయన్ని గుమ్మంలోకి పంపి నేను తలుపు వెనక నిలబడ్డాను. గాజులు మోగకుండా చేత్తో నొక్కి పట్టుకున్నాను.

"ఇంట్లో లేదండీ" అన్నాడు మా ఆయన. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. దానితో గట్టిగా అరిచినట్టు చెప్పాడు.

"అలాగేనండీ వదినగారి ఆయనగారూ. వచ్చానని మాత్రం చెప్పండి. మూడోసారి కూడా వచ్చానని."

"కోటు కోసం అంత దూరం నడిచి రావాలా ఆవిడ? ఇచ్చెయ్యరాదూ" అని ఆ సాయంత్రం మా ఆయన నన్ను విసుక్కున్నాడు. నాకు అంతకంతకు పట్టుదల పెరిగింది. ఒక్క కోటుకి మూడుసార్లు తిరుగుతుందా, అంత నమ్మకం లేదా నా మీద అనుకున్నాను.

రెండు నెలలకు పాలాయన కబురు తెచ్చాడు.

దొరల సమాధుల తోటలో ఒక మూల చోటిచ్చారు. మా వైపు ఆడవాళ్లం అలాంటిచోటికి వెళ్లం. గేటు బయట నిలబడ్డాను. మూడోరోజు కోటు తీసుకుని కొట్టుకు వెళ్లాను. పెద్దాయన పొట్టి పీట మీద కూర్చుని ఉన్నారు. చొక్కా కుడివైపు చింపుకుని ఉన్నారు. తల్లిదండ్రులకైతే ఎడమ, మిగతావాళ్లకు కుడి. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. మాట్లాడలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నాను కదా. పిల్లి వచ్చి పీట ఎక్కింది. దాన్ని లేవమనేవాళ్లు లేరు.

చాలాసేపటికి, "కోటు తెచ్చారా అమ్మా" అన్నారు.

"నాకు తీరిక ఉందండీ. పదినెలలూ ఉంది. అబద్ధం చెప్పాను. పాపం మూడుసార్లు తిప్పాను కోటుకోసం."

ఆయన నాకేసి విచిత్రంగా చూశారు. "కోటు కోసం కాదమ్మా."

వాళ్లకు ఏడాదికోసారి పెద్ద ఉపవాసం ఉంటుందట. ఆ రోజు దేవుణ్ణి క్షమాపణ అడిగే ముందు, తాము నొప్పించిన మనుషుల ఇళ్లకు వెళ్లి అడగాలట. మనిషి క్షమించందే దేవుడు వినడట. ఒకసారి వినకపోతే రెండోసారి, రెండోసారి వినకపోతే మూడోసారి. మూడుసార్లు వెళితే తన పని తాను చేసినట్టు.

"బిడ్డ పోయిన తల్లితో ఆ మాట అన్నాను, అది నాకు నిద్రపట్టనివ్వదు అనేది. మూడోసారి వచ్చి, ఆవిడ ఇంట్లో లేదన్నారు, తలుపు కింద కాళ్లు కనపడ్డాయి, పాపం నిలబడే ఉంది అని చెప్పింది."

కోటు ఒళ్లోకి లాక్కున్నాను. చెయ్యి తనంతట తానే ఎడమవైపు కుట్టు మొదలు దగ్గరికి వెళ్లింది. అక్కడే, ఆయన ముందే, సూది మొనతో పోగు ఎత్తి విప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్క పోగే వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. అది వినపడే చప్పుడు కాదు గాని విన్నారు. చిరుగు తెరుచుకున్నాక పెద్ద పెద్ద కుట్లు వేశాను. వంకరగానే వేశాను.

"మరి పోయినవాళ్లను క్షమాపణ ఎలా అడగాలండీ?" అన్నాను.

"సమాధి దగ్గరికి పదిమందిని తీసుకెళ్లి, వాళ్లు వింటుండగా చెప్పాలి."

"పదిమందీ మీవాళ్లే ఉండాలా?"

"మావాళ్లం ఈ ఊళ్లో ఇద్దరమే ఉండేవాళ్లం" అన్నారు ఆయన.

ఆయన మొన్న బొంబాయి వెళ్లిపోయారు. కోటు తీసుకెళ్లారు. నెల దాటింది కదా, మీ చొక్కా కుట్టి ఇస్తానండీ అంటే, "మా పెద్దలు కుట్టుకోవచ్చు అన్నారమ్మా. కుట్టుకోవాలని అనలేదు" అన్నారు. ఆ మాట అమ్మగారు చెల్లెలి సంగతి వచ్చినప్పుడు అనేదట. నా దగ్గర అనడానికే ఆ మూడుసార్లూ వచ్చిందేమో. తెలియదు. ఇక తెలియదు.

నాకు పదిమంది లేరు. ఇరుగుపొరుగును శ్మశానానికి రమ్మంటే నన్ను పిచ్చాసుపత్రికి పంపాలంటారు. అందుకని రాస్తున్నాను. చదివే మీరు పదిమంది ఉంటారు. మీరు వింటుండగా చెబుతున్నాను. పిల్లల్లేని ఆవిడను ఆ మాట అన్నాను. నా గుమ్మానికి మూడుసార్లు వస్తే నోరు తెరవనివ్వలేదు. తప్పు నాది.

విప్పిన పోగుల్లో ఒకటి నా పైటకు అంటుకుని ఇంటికి వచ్చింది. బూడిదరంగు, జానెడుంటుంది. కోటులో ఎక్కడ పైకి వచ్చిందో ఎక్కడ లోపలికి దిగిందో, ఆ వంకరలన్నీ దాని ఒంటిమీద అలాగే ఉన్నాయి. నీళ్లలో తడిపి, రెండు కొసలూ పట్టి లాగి, గోటితో సాపు చేశాను. తడి ఉన్నంతసేపు తిన్నగానే ఉంది. కిటికీ గట్టు మీద ఆరబెట్టి అన్నం వార్చి వచ్చి చూసేసరికి మళ్లీ ముడుచుకుని, ఒక్క వంకరా పోకుండా, ఎండలో పడుకుని ఉంది.